కోలారు గనుల నుంచి వేలూరు కోటకు

కోలారు బంగారు గనుల ఊరిలో అడుగుపెట్టగానే కనిపించేవి సైనైడ్ దిబ్బలు. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారాన్ని వేరుచేశాక మిగిలిన వ్యర్థాన్ని తరతరాలుగా పోయగా పెరిగిన గుట్టలవి. ఒక దిబ్బ అంచున నిలబడితే బూడిదరంగు పొడి ముగ్గుపిండిలా చెప్పులకు అంటుకుంది. గాలి వీచినప్పుడల్లా ఆ పొడి ఇళ్ల మీద పడుతుందని అక్కడివారు వాపోయారు.

1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టింది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా ఇక్కడ సుమారు 800 టన్నుల బంగారం తీశారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. అంత లోతున ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలినట్లు విరిగిపడి కొందరు, ఏళ్ల తరబడి పీల్చిన రాతిధూళితో ఊపిరితిత్తులు చెడి మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. కార్మికుల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు ప్రాంతపు తమిళ దళితులు. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువారూ ఉన్నారు.

ఇక్కడి చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించింది 1930 నాటి సమ్మె. ముడి బంగారం ఒంటి మీద దొరికితే శిక్షించే ప్రత్యేక చట్టం మైసూరు సంస్థానంలో అప్పటికే ఉంది. అది చాలదన్నట్లు కార్మికులందరి వేలిముద్రలూ తీసుకోబోతే, తమను నేరస్థుల్లా చూడటాన్ని సహించలేక వేలాదిమంది పని ఆపేశారు. కూలి కోసం కాక గౌరవం కోసం చేసిన ఆ పోరాటం మన పాఠ్యపుస్తకాల్లో ఉండవలసింది.

వెంకటగిరికోట మీదుగా ఘాట్ దిగి, పేర్నంబట్టు దాటి సాయంత్రానికి వేలూరు చేరుకున్నాం. చుట్టూ నీళ్లు నిండిన అగడ్తతో ఎంతో అందంగా కనిపించే ఈ కోట రాజవంశాలకు చెరసాల. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక టిప్పు కుమారులను ఇక్కడే ఉంచారు. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడిన తరువాత వారిని కలకత్తాకు తరలించారు. శ్రీలంకలోని కాండీ రాజ్యపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహను 1815లో బ్రిటిషువారు పట్టుకుని, కుటుంబంతో సహా సముద్రం దాటించి ఈ కోటలో బంధించారు. మదురై నాయకులతో బంధుత్వమున్న వంశం ఆయనది. 1832లో బందీగానే కన్నుమూశాడు. ఆయన సమాధి పాలారు ఒడ్డున ఉంది. శ్రీపురం స్వర్ణాలయానికి వచ్చే తెలుగువారు ఒక గంట కేటాయిస్తే ఆ సమాధినీ చూసి వెళ్లవచ్చు.