మల్లి ఒంటి మీద రెండు పసుపులు

మా పిల్లి మల్లికి పన్నెండేళ్లు దాటాక, ఆ చలికాలం మొదట్లో దాని తెల్లని బొచ్చు తోక మొదలు దగ్గర, వెనుక కాళ్ల మీద పసుపు రంగుకు తిరిగింది. నల్లగొండలో మా వీధిలో తలా ఒక మాట అన్నారు. మన జిల్లా నీళ్లలోని ఫ్లోరైడే కారణమని కొందరు తేల్చేశారు గానీ, ఫ్లోరైడ్ ఎదిగే పిల్లల పళ్లకు మరకలు తెస్తుంది, ఎముకలను వంచుతుంది, పిల్లి బొచ్చుకు రంగు పట్టించదు. పిల్లి రోజులో చాలాసేపు ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. నోటి నొప్పి వల్లనో కీళ్ల నొప్పి వల్లనో ఆ పని మానేస్తే, తోక మొదట్లోని గ్రంథులనుంచి వచ్చే నూనె పేరుకుపోయి తెల్ల వెంట్రుకలు జిడ్డుగా, పసుపుగా కనిపిస్తాయి.

ఈ సంగతి నాకు తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. మొదట చూపించిన డాక్టరు గారు చెప్పలేదు. మల్లి గిన్నె దాకా వెళ్లి వాసన చూసి తిరిగి వస్తోందని, నోట్లోంచి చొంగ కారుతోందని ఆయనకు స్పష్టంగా చెప్పాను. ఆయన నోరు తెరిచి చూడలేదు, చెవి తిప్పి చూడలేదు. "ముసలిదైంది గద మేడం. మనకు ఎంటికలు నెరుస్తయి, దీనికి పచ్చవడ్తయి, అంతే" అని ఒక విటమిన్ సీసా రాసిచ్చి పంపించారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఆ వారంలోనే మల్లి తిండి పూర్తిగా మానేసింది. ఒక రాత్రి రెండుసార్లు వాంతి చేసుకుని, నీళ్ల గిన్నె మీదికి తల వంచి, తాగకుండా అలాగే కూర్చుంది. పిలిస్తే చెవి కూడా కదల్చలేదు. ఒళ్లు కాలుతోందని చూసిన పక్కింటి అమ్మాయి తమ పిల్లలకు వేసే పారాసెటమాల్ మందు తెచ్చి, "పిల్లలకేసేదే గద అక్కా, నాలుగు చుక్కలెయ్యి" అంది. నేను గట్టిగా వద్దన్నాను. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు, మనం మింగే ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు. ఆ అమ్మాయి ప్రేమతోనే తెచ్చింది, ఆమె మీద నాకు కోపం లేదు. తెల్లవార్లూ దాని డొక్క ఎగసిపడటం చూస్తూ, చెరువుగట్టు జడల రామలింగేశ్వరుణ్ణి తలుచుకుంటూ నేల మీదే కూర్చున్నాను. ట్యూబులైటు వెలుగులో ఏ తేడా తెలియలేదు. తెల్లారి వాకిట్లోకి తెచ్చి చెవి మడిచి చూస్తే లోపలి చర్మం పసుపు రాసిన గడపలా ఉంది. చిగుళ్లూ అలాగే ఉన్నాయి. ఇది బొచ్చుకు పట్టిన జిడ్డు కాదు, కామెర్లు.

హైదరాబాదులో రక్తపరీక్ష, స్కానింగు, మెడలోంచి అన్నవాహికలోకి గొట్టం అమర్చడం అన్నీ వేగంగా జరిగిపోయాయి. అక్కడి చిన్న వయసు డాక్టరమ్మ ముందు నోరు తెరిచింది. చిగురు కింద పళ్లు కొన్ని కరిగిపోయి ఉన్నాయి. ఆ నొప్పికి తిండి తగ్గింది, తిండి లేక ఒంటి కొవ్వంతా కాలేయానికి చేరి దాని పని స్తంభించింది, అందువల్ల కామెర్లు వచ్చాయి. లావుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తినకపోతే చాలు, ఇలా జరుగుతుందని, దీనికి అసలు మందు ఆహారమేనని ఆమె ఓపికగా వివరించింది. పలుచని ఆహారాన్ని మొదట కొద్దికొద్దిగా, తర్వాత పెంచుతూ గొట్టం గుండా ఇంట్లోనే వారాల తరబడి పెట్టాము. మా వారు రాత్రి పూట అలారం పెట్టుకుని లేచేవారు. మా తమ్ముడు మాత్రం "ఆ పైసలకు ఒక బర్రె వస్తుండె గదా అక్కా" అన్నాడు. వాడితో కొంతకాలం నేను మాట్లాడలేదు.

మల్లి బతికింది. పళ్లు తీయించాక మెత్తని అన్నం, ఉడికించిన కోడిమాంసం తింటోంది. మళ్లీ ఒళ్లు నాక్కుంటోంది. తోక దగ్గర కొంచెం పసుపు ఇంకా ఉంది, అది మామూలు నూనె. చెరువుగట్టుకు వెళ్లి మొక్కు తీర్చుకున్నాము.

ఇంట్లో తెల్ల పిల్లి ఉన్నవాళ్లు బొచ్చు రంగు చూసి ఆగిపోవద్దు. పగటి వెలుగులో వెంట్రుకలు పాయ తీసి చర్మం, చెవి లోపలి భాగం, చిగుళ్లు, కళ్ల తెలుపు చూడండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే మర్నాటి దాకా వేచి ఉండకండి. మొదట చూసిన డాక్టరు గారి దగ్గరికి నేను మళ్లీ వెళ్లి, రక్తపరీక్ష కాగితాలు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి ఏమీ అనలేదు. తర్వాత వచ్చే పిల్లికైనా చెవి తిప్పి చూడమని చెప్పి వచ్చాను.