స్టాక్ రింగ్ ఫుల్ అయింది, తలుపు తీసేస్తేనే

ఇంట్లో మూడు నెట్‌వర్క్ స్విచ్‌ల్ని కేబుళ్లతో వలయంగా కలిపి ఒకే స్విచ్‌లా నడుపుతున్నాను, దాన్నే స్టాక్ అంటారు. ఆ వలయంలో ఒక లింక్ తెగితే మిగిలేది హాఫ్ రింగ్. మూడు వారాలుగా నన్ను ఏడిపించిన ఆ హాఫ్ రింగ్ సంగతి నిన్న రాత్రి తేలింది. సంతోషించాలో తల బాదుకోవాలో తెలియడం లేదు.

సరంజామా పాతదే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజార్లో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన సిస్కో 3750-ఎక్స్ స్విచ్‌లు మూడు, 50 సెంటీమీటర్ల స్టాక్ కేబుళ్లు మూడు, 600 మిల్లీమీటర్ల లోతు క్యాబినెట్. ఏది మాస్టర్ (స్టాక్‌ని నడిపే స్విచ్) అవ్వాలో చెప్పే ప్రయారిటీలు, ఐఓఎస్ (స్విచ్ సాఫ్ట్‌వేర్) వెర్షన్లు అన్నీ మొదటి రోజే కుదిరాయి. అక్కడ పేచీ లేదు.

పేచీ అంతా కింది గూట్లో ఉన్న మూడో స్విచ్ రెండో స్టాక్ పోర్టుది. అక్కణ్ణుంచి కేబుల్ పైకెళ్లి ఒకటో స్విచ్‌ని కలిస్తేనే రింగ్ పూర్తయ్యి సెకనుకి 64 గిగాబిట్లు. పగలంతా బాగానే ఉంటుంది. తెల్లారి చూస్తే హాఫ్ రింగ్, 32. స్విచ్ చూపే స్టాక్ పోర్ట్స్ సమ్మరీ పట్టికలో లింక్ ఎన్నిసార్లు పడి లేచిందో చెప్పే కాలమ్ ఒకటుంది కదా, ఈ లింక్‌లో లేని మిగతా పోర్టులకి అందులో 1 ఉంటే, దీనికి మొదటి ఉదయం 41, రెండో ఉదయం 88, మూడో ఉదయం 137.

ముందు కేబుల్‌ని అనుమానించాను. పైదాంతో మార్చాను, తప్పు కేబుల్ వెంట వెళ్లలేదు. సరే, పోర్టు పోయిందనుకుని రెండో స్విచ్‌నీ మూడో స్విచ్‌నీ గూళ్లు మార్చాను. ఇప్పుడు కిందికొచ్చిన మంచి స్విచ్చే పడి లేవడం మొదలుపెట్టింది! అంటే కేబుల్ కాదు, స్విచ్ కాదు, ఆ గూడుకే ఏదో పట్టింది.

స్విచ్ లాగ్ (ఏది ఎప్పుడు జరిగిందో రాసుకునే చిట్టా) చూస్తే రోజూ మొదటి డౌన్ మెసేజ్ 17:00 దాటాక. ఒకరోజు 17:04, ఇంకోరోజు 17:09. సాయంత్రం అయిదింటికి మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు వేస్తారు. ఇంకేం, వోల్టేజీ అని తీర్మానించేసి స్టెబిలైజర్ తెచ్చి పెట్టాను. అయినా తగ్గలేదు. ఒక సాయంత్రం కన్సోల్ కేబుల్ పెట్టుకుని నాలుగున్నర నుంచి ఆరు దాకా కాపలా కూర్చున్నాను. మోటారు నడిచింది, ఆగింది, కౌంట్ కదల్లేదు. పొద్దున చూస్తే లాగ్‌లో మళ్లీ 17:06! దెయ్యమేమో అని నిజంగానే అనిపించింది.

మధ్యలో ఇంకో ఘనకార్యం. రింగ్ అప్పటికే హాఫ్‌లో ఉందన్న సంగతి మర్చిపోయి 2-3 మధ్య కేబుల్ పీకాను. స్టాక్ రెండు ముక్కలైంది. మూడోది తానే మాస్టర్ అనుకుంది, అదే కాన్ఫిగ్ (సెట్టింగులు), అదే ఐపీ అడ్రస్. నాస్‌కి (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) ఒకటో స్విచ్ నుంచి ఒక కాలు, మూడోదాని నుంచి ఒక కాలు ఎల్ఏసీపీలో (రెండు లింకుల్ని ఒకటిగా కలిపే పద్ధతి) ఉన్నాయి, అది మూర్ఛపోయింది. కేబుల్ తిరిగి పెట్టగానే మూడోది రీలోడ్. హాల్లో సీరియల్ ఆగిపోయింది. ఆ ఎపిసోడ్ గురించి ఇక్కడ రాయను.

ఇక నిన్న. చుట్టాలొస్తున్నారని మా ఆవిడ "ఏమండీ, ఆ విమానం మోత ఆపుతారా లేదా" అంటూ తొమ్మిదింటికే క్యాబినెట్ వెనక తలుపు వేసేసింది. రోజూ నేను పడుకునే ముందు పదిన్నరకి వేసేవాణ్ణి. రాత్రి లాగ్ తీస్తే మొదటి డౌన్ 15:31. పదిహేనున్నరకి అయిదున్నర కలుపు... తొమ్మిదీ ఒక నిమిషం. స్విచ్‌లో టైమ్ జోన్ పెట్టనేలేదు, గడియారం యూటీసీలో, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనక నడుస్తోంది! 17:04 అంటే రాత్రి 10:34.

టార్చ్ వేసి చూశాను. స్విచ్ వీపు నుంచి తలుపు దాకా ఏడున్నర సెంటీమీటర్లు. అందులో తాళం డబ్బా లోపలికి రెండున్నర పొడుచుకొచ్చింది, సరిగ్గా కింది గూడు ఎత్తులో. మిగిలింది అయిదు. తలుపు వేస్తే ఆ డబ్బా కనెక్టర్‌ని పక్కకి నొక్కుతోంది, బహుశా ఫ్యాన్ల అదురుకి అది ఆడుతోంది. తలుపు ఊడదీసి పడుకున్నాను. పొద్దున కౌంట్ ఒక్కటి కూడా పెరగలేదు. ఫుల్ రింగ్.

వెనకవైపు ప్రత్యేక కేబుల్‌తో స్టాక్ చేసే పద్ధతి చిన్న క్యాబినెట్‌కి నప్పదని నా అభిప్రాయం. అరూబా 2930ఎఫ్ స్విచ్‌లో వీఎస్ఎఫ్, జూనిపర్ ఈఎక్స్3300లో వర్చువల్ ఛాసిస్ అనే స్టాక్ పద్ధతుల్లోలా ముందు పోర్టుల్లో మామూలు డాక్ కేబుల్ (రెండు చివరలా ప్లగ్గులు బిగించి వచ్చే రాగి కేబుల్) గుచ్చితే ఈ గోలే ఉండదు. కానీ ఇప్పుడు మళ్లీ కొనడమంటే ఇంట్లో మాట్లాడాలి.

ప్రస్తుతానికి టైమ్ జోన్ ఐఎస్టీ చేశాను. ఆదివారం కార్పెంటర్ వస్తాడు, తలుపుకీ క్యాబినెట్‌కీ మధ్య అయిదు సెంటీమీటర్ల చెక్క ఫ్రేమ్ కొట్టిస్తాను. గాలి ఆడటానికి దాంట్లో రంధ్రాలు ఎన్ని పెట్టించాలో ఇంకా తేల్చుకోలేదు. స్టెబిలైజర్ ఫ్రిజ్‌కి తగిలించాను.