మామిడి జ్యూస్ బయట చేయించాలంటే డ్రమ్ము లెక్క తెలియాలి

సొంత బ్రాండు మీద మామిడి జ్యూస్ చేయించాలనుకుంటే చిత్తూరు పల్ప్ (మామిడి గుజ్జు) యూనిట్లకు జూన్, జూలైల్లో వెళ్లకండి. తోతాపురి కాయ దిగే ఆ రోజుల్లో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. మీ ఆరువేల సీసాల కోసం లైను ఆపేవాళ్లు దొరకరు. పల్ప్ వరకు సీజన్లోనే మాట్లాడి పక్కన పెట్టించుకుని, సీసాలు నింపే పని సెప్టెంబరు దాటాక అడగండి. బేరానికీ చోటుంటుంది.

కనీసం ఎన్ని చేస్తారంటే యూనిట్‌వాళ్లు చెప్పే అంకె ఊరికే రాదు. ఎసెప్టిక్ డ్రమ్ములో, అంటే సూక్ష్మజీవులు చేరకుండా సంచిలో నింపి మూసిన డ్రమ్ములో, సుమారు 215 కిలోల పల్ప్ ఉంటుంది. సంచి కోశాక మిగిలింది దాచిపెడితే పులిసిపోతుంది. 15 శాతం పల్ప్‌తో చేస్తే డ్రమ్ముకు దాదాపు 1,430 కిలోల జ్యూస్, లైన్లో పోయేది తీసేస్తే 200 మి.లీ. సీసాలు 6,500 దాకా వస్తాయి. తీపి కొలత బ్రిక్స్, అంటే వంద గ్రాముల్లో సుమారు ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చెప్పేది. పల్ప్ 14 బ్రిక్స్, జ్యూసూ 14 బ్రిక్సే అయితే కలపాల్సిన చక్కెర 170 కిలోలు. పల్ప్ 16 వస్తే చక్కెర తగ్గాలి. అందుకే ఒప్పందంలో చక్కెర కిలోలు కాదు, తయారైన జ్యూస్ బ్రిక్స్, పులుపు, పీహెచ్ (ఆమ్లత కొలత) రాయించాలి.

ఎక్కువ గొడవ సీసా దగ్గరే. జ్యూస్‌ను 85 డిగ్రీల పైన వేడి మీద నింపి, మూత బిగించి, సీసాను పడుకోబెడతారు. మూత లోపలి భాగం ఆ వేడికే శుభ్రపడాలి. మామూలు నీళ్ల సీసా పెడితే ముడుచుకుపోతుంది, చల్లారాక పక్కలు లోపలికి పీక్కుపోతాయి. హాట్‌ఫిల్ పెట్ (వేడి జ్యూస్ నింపడానికి చేసిన ప్లాస్టిక్ సీసా) గానీ గాజు గానీ కావాలి. రెండు రూపాయలు కలిసొస్తాయని సీసా ఒకచోట, మూత మరోచోట కొంటే మెడ కొలత కుదరక గాలి దూరుతుంది. అలాంటి లీకు నింపేటప్పుడు కంటికి కనబడదు.

లేబుల్ మీద మీ ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరుతో పాటు తయారుచేసిన యూనిట్ లైసెన్సు నంబరు కూడా ఉండాలి. యూనిట్ మారితే పాత లేబుల్ రోల్స్ చెత్తబుట్టకే, కాబట్టి మొదట ఒక్క బ్యాచ్‌కు సరిపడా కొట్టించండి. తడి ఆరకుండా అంటిస్తే ఊడిపోతాయి.

సరుకు వెంటనే ఎత్తకండి. బ్యాచ్ మొదట్లో, మధ్యలో, చివర్లో తీసిన సీసాలను 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో (వేడిని ఒకే తీరుగా ఉంచే పెట్టెలో) వారం ఉంచి, ఉబ్బాయా, రుచి మారిందా చూడాలి. తిరుపతి ఎండే చాలనుకుంటారు కొందరు. రాత్రి చల్లబడుతుంది, ఆ పరీక్ష చెల్లదు. ఫలితం వచ్చాకే మిగతా డబ్బు ఇస్తామని ఆర్డరు రోజే రాసుకోండి.