పదమూడో రౌండు

పొద్దున్నుంచి ముసురు. అడ్మిషన్ల రోజులు కాబట్టి షట్టరు ఎత్తేసరికే మెట్ల మీద పిల్లలు నిలబడి ఉన్నారు. ఇన్‌కమ్ సర్టిఫికెట్టు, కులం సర్టిఫికెట్టు, మార్కుల లిస్టు, అన్నీ మూడేసి కాపీలు. పర్లాకిమిడిలో జిరాక్స్ షాపు నడిపేవాడికి ఈ నెలలో ఊపిరాడదు. ఒకరితో ఒడియా, పక్కనున్న వాళ్ళమ్మతో తెలుగు, ఫారంలో ఇంగ్లీషు. పదకొండు దాటాక కరెంటు పోయింది. మా ఇన్వర్టరు కంప్యూటరునైతే నిలబెడుతుంది గానీ జిరాక్స్ మెషీన్‌ని లాగలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చూరు కింద నిలబడిపోయారు.

మావయ్య అప్పుడే వచ్చాడు. పాతపట్నం నుంచి ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు. రాష్ట్రాలు వేరే గానీ మాకు అది పక్క పేట లెక్క. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. అత్త ఇచ్చిన పనసతొనల డబ్బా బల్ల మీద పెట్టి, కానిస్టేబుల్ సెలక్షన్‌కి తయారవుతున్న ఒక కుర్రాడి ఫోన్లోకి తొంగి చూశాడు. అందులో కంప్యూటర్లో చేసిన బొమ్మల బాక్సింగ్ ఫైటు నడుస్తోంది, మహమ్మద్ ఆలీకీ మైక్ టైసన్‌కీ. బొమ్మ టైసన్ ఒక్క గుద్దు గుద్దితే బొమ్మ ఆలీ తాళ్ళవతల పడ్డాడు.

"ఒరే అల్లుడూ, నలభై తొమ్మిదికి నలభై తొమ్మిదీ గెలిచి దిగిపోయినవాడు ఉండగా ఈ ఇద్దరి గొడవ ఎందుకురా?" అన్నాడు మావయ్య.

రాకీ మార్సియానో సంగతి. మావయ్యకి హెవీవెయిట్ బాక్సర్ అంటే ఆయనే. 49 పోటీలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. 1956లో ఓటమి ఎరగకుండా రిటైరయ్యాడు. పేపర్లలో బాక్సింగ్ గురించి వచ్చిందల్లా మావయ్య కత్తిరించి ఒక లాంగ్ నోటు పుస్తకంలో అంటించేవాడు. మైదా జిగురుకి చీమలు పట్టి అంచులు పోయాయి గానీ బొమ్మలు బాగానే ఉన్నాయి. నేను చదవడం నేర్చుకున్నది సగం ఆ పుస్తకంలోనే. 1980లో ఆలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌట్ ఆడితే, చూడ్డానికి వెళ్ళడానికి సెలవు దొరకలేదని ఇప్పటికీ బాధపడతాడు.

కుర్రాడికి ఒక విషయం తెలీదు. ఇలాంటి బొమ్మ ఫైటు కొత్తది కాదు. వాళ్ళ తాతల కాలంలోనే, బొమ్మలతో కాకుండా మనుషులతోనే చేశారు. 1967లో ముర్రే వోరోనర్ అనే రేడియో ప్రొడ్యూసరు పాత చాంపియన్లందరి వివరాలూ కంప్యూటరుకి ఎక్కించి, వాళ్ళలో వాళ్ళకి పోటీలు కట్టి, రేడియోలో కామెంటరీతో వినిపించాడు. అందులో మార్సియానో గెలిచాడు. ఆలీ ఎప్పటివాడో జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయినట్టు వచ్చేసరికి ఒళ్ళు మండి పది లక్షల డాలర్లకి దావా వేశాడు. ఆ గొడవ తెగి, చివరికి 1969లో ఆలీ, మార్సియానో ఇద్దరూ మయామీలో నిజం రింగులోనే దిగారు, కెమెరాల కోసం. ఆలీని యుద్ధానికి రానన్నందుకు ఆటకి దూరం పెట్టిన రోజులవి. మార్సియానోకి నలభై అయిదు నిండాయి, జుట్టు ఊడిపోతే విగ్గు పెట్టుకున్నాడు, ఒళ్ళు బాగా తగ్గించి వచ్చాడు. రకరకాల ముగింపులు తీసి పెట్టుకుని, ఏది చూపించాలో కంప్యూటరుకి వదిలేశారు. 1970 జనవరి 20న థియేటర్లలో వేశారు. పదమూడో రౌండులో మార్సియానో నాకౌట్.

మార్సియానోకి ఆ ఫలితం తెలీదు. షూటింగ్ అయిన కొద్ది రోజులకే, 1969 ఆగస్టు 31న, చిన్న విమానం కూలి చనిపోయాడు. తెల్లారితే పుట్టినరోజు. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి మావయ్య ప్రతిసారీ ఆగిపోతాడు. ఈరోజూ ఆగాడు. నాకూ గొంతు పట్టేసింది. ఎవరు గెలుస్తారని జనం అడిగినందుకు ఇద్దరు మనుషులు రోజుల తరబడి ఒకరినొకరు ఉత్తుత్తిగా కొట్టుకున్నారు. అందులో ఒకాయన జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు.

నేను మావయ్యతో వాదించింది మాత్రం ఆ పదమూడు అంకె మీద.

మార్సియానో చాంపియన్ అయిందే పదమూడో రౌండులో. 1952 సెప్టెంబరు 23, ఫిలడెల్ఫియా, ఎదురుగా జెర్సీ జో వాల్కాట్. మొదటి రౌండులోనే వాల్కాట్ ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే గుద్దు) తగిలి మార్సియానో కింద పడ్డాడు. అంతకు ముందు ఎప్పుడూ పడి ఎరగడు. మధ్య రౌండ్లలో కళ్ళలో ఏదో పడి సరిగా కనబడక గుడ్డిగా గుద్దులాడాడు. పన్నెండు రౌండ్లు అయ్యేసరికి రిఫరీ, ఇద్దరు జడ్జీలు, ముగ్గురి లెక్కలోనూ వాల్కాటే ముందున్నాడు. పదమూడో రౌండు మొదలై నిమిషం కూడా కాలేదు. కరెంటు లేదు కాబట్టి నా ఫోన్లోనే పెట్టి ఆ ముక్క అందరికీ చూపించాను. వాల్కాట్ వెనక్కి జరుగుతూ తాళ్ళకి ఆనుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి కుడిచెయ్యి వదిలారు. మార్సియానో చెయ్యి కదిలింది జానెడు దూరమే, కానీ అదే ముందు తగిలింది. వాల్కాట్ ఎడమ చెయ్యి మధ్య తాడుకి తగులుకుని, మనిషి మోకాళ్ళ మీదికి జారి, నుదురు నేలకి ఆనించి ఉండిపోయాడు. పది లెక్కపెట్టడం నామమాత్రం. కుర్రాడు మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు.

"అప్పుడు పదిహేను రౌండ్లు, ఇప్పటి రూలు ప్రకారం పన్నెండే కదా మావయ్యా. అలా ఆడి ఉంటే ఆ రాత్రి మీ రాకీ ఓడిపోయినట్టే. నలభై తొమ్మిది–సున్నా అనే మాటే ఉండేది కాదు."

మార్సియానో కన్నా ముందు చాంపియన్ జో లూయిస్‌దీ ఇదే కథ. 1941 జూన్‌లో బిల్లీ కాన్ అనే బక్కపలచటి మనిషి, లూయిస్ కన్నా పది కిలోల పైన తక్కువ తూగేవాడు, పన్నెండు రౌండ్ల పాటు ఆ మహానుభావుణ్ణి తిప్పలు పెట్టాడు. రిఫరీ లెక్కలోనూ ఒక జడ్జీ లెక్కలోనూ కాన్ ముందు, మూడో లెక్క సమానం. అంటే పన్నెండుతో ఆపేస్తే కాన్ చాంపియన్. పాయింట్ల మీద గెలుపు చేతిలో ఉండగా నాకౌట్ చేద్దామని మీదికి వెళ్ళాడు, పదమూడో రౌండు ఇక రెండు సెకన్లు ఉందనగా లూయిస్ పడుకోబెట్టేశాడు. 1937 నుంచి 1949 దాకా చాంపియన్ బెల్టు, ఇరవై అయిదుసార్లు నిలబెట్టుకున్న రికార్డు. ఆ గొలుసులో ఈ లంకె ఒక్కటి తెగితే మిగతాది లేదు. (లూయిస్ మొదటిసారి ఓడింది, ష్మెలింగ్ చేతిలో, 1936 జూన్‌లో. మా పర్లాకిమిడి మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో చేరింది అదే ఏడాది ఏప్రిల్లో. అందుకని నాకు ఆ సంవత్సరం మరిచిపోవడం కుదరదు.)

మావయ్య ఊరుకునే రకం కాదు. "పన్నెండే అని ముందే తెలిస్తే రాకీ పన్నెండుకి సరిపడా ఆడేవాడురా. పదిహేను ఉన్నాయి కాబట్టి ఓపిక దాచుకున్నాడు" అన్నాడు.

ఈ మాటలో బలం ఉంది, కాదనను. పరుగు పందెంలో దూరం మారిస్తే పరిగెత్తే తీరే మారుతుందని డ్రిల్లు మాస్టారుకి ఒకరు చెప్పక్కర్లేదు. కాన్ కూడా పన్నెండో రౌండే ఆఖరిదని తెలిస్తే లూయిస్ మీదికి అలా వెళ్ళేవాడు కాదు, చుట్టూ తిరిగి గంట కొట్టించుకునేవాడు. కానీ అందుకే నేననేది, కాలాలు కలిపి ఇద్దరిని రింగులోకి దింపేవాడు ముందు ఎన్ని రౌండ్లో చెప్పాలి. ఆ తర్వాతే ఎత్తు, బరువు, రికార్డు. ఎవరూ అది చెప్పరు.

పదిహేను పన్నెండు ఎందుకయిందో కుర్రాడు అడిగాడు. 1982 నవంబరులో కిమ్ డుక్‌కూ అనే కొరియా అబ్బాయి లైట్‌వెయిట్ టైటిల్ కోసం రే మాన్సినీతో ఆడి పద్నాలుగో రౌండులో పడిపోయాడు, మళ్ళీ కోలుకోలేదు. కొన్ని రోజులకే ప్రాణం పోయింది. ముందు టైటిల్ పోటీలు నడిపే సంఘాల్లో ఒకటైన డబ్ల్యూబీసీ పన్నెండుకి తగ్గించింది, ఆ దశాబ్దం చివరికి మిగతా సంఘాలూ తగ్గించాయి. పదమూడో రౌండంటే నాకు ఎంత ఇష్టమైనా అది తిరిగి రావాలని కోరుకోను. కిమ్ వయసు ఇంకా ఇరవయ్యుల్లోనే. ఈ మాట మీద మావయ్యా నేనూ ఒకటే.

పక్కన టీ కొట్టు ఆయన గ్లాసులు తెచ్చి, "మన కోడి రామ్మూర్తి నాయుడుతో పెడితేనో?" అన్నాడు. వీరఘట్టంలో పుట్టిన మనిషి, మా వైపు బలం మాట వస్తే ఆయన పేరు రాకుండా ఉండదు. బలం వేరు, బాక్సింగ్ వేరు అని మావయ్య నెమ్మదిగా సర్దిచెప్పాడు.

అక్కణ్ణుంచి బరువుల మీదికి వెళ్ళాం. మార్సియానో రింగులో దిగేది 84 కిలోల దగ్గర. ఈ రోజుల్లో అయితే హెవీవెయిట్‌లోకే రానక్కర్లేదు, దాని కింది తరగతి క్రూయిజర్‌వెయిట్‌లో ఆడుకోవచ్చు. ఈ కాలపు హెవీవెయిట్ టైసన్ ఫ్యూరీ (మైక్ టైసన్ వేరు) 2024 డిసెంబరులో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ మీద దిగినప్పుడు 127 కిలోలు. అంత తేడా అంటే కుర్రాడు నవ్వేశాడు. కానీ 1919లో జాక్ డెంప్సీ 85 కిలోల మనిషి, 111 కిలోల జెస్ విలార్డ్‌ని మొదటి రౌండులోనే ఏడుసార్లు కింద పడేశాడు. అప్పట్లో పడినవాడి నెత్తిమీదే నిలబడి, లేస్తుండగానే మళ్ళీ కొట్టొచ్చు. ఇప్పటిలా దూరంగా మూలకి పోనక్కర్లేదు. రూలు ఎంత పని చేస్తుందో ఇది ఇంకో సాక్ష్యం. ఆ ఫ్యూరీనే ఉసిక్, పదిహేను కిలోల పైన తక్కువ ఉండి, ఒకే ఏడాదిలో రెండుసార్లు ఓడించాడు. కాబట్టి సైజు చూసి ముందే తీర్పు చెప్పేవాళ్ళని నేను నమ్మను. మార్సియానోకీ ఉసిక్‌కీ పెడితే మాత్రం, పన్నెండైనా పదిహేనైనా, ఉసిక్. ఆ కాళ్ళు, ఆ ఎడమచేతి వాటం, ఆట సాగేకొద్దీ పెరిగే పట్టు. ఇది చెప్పినప్పుడు మావయ్య పనసతొన తింటూ నావైపు చూడలేదు.

కుర్రాడి ఆలీ–టైసన్‌కి వస్తే, గెలుపులు చూసి లాభం లేదు, దెబ్బ తిన్న చోట్లు చూడాలి. టైసన్ 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పడ్డాడు. డగ్లస్ పొడుగు మనిషి, ఆగకుండా జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు) వేస్తూ, దగ్గరికొస్తే పట్టేసుకుంటూ, ఎనిమిదో రౌండులో పడినా లేచి ఆడాడు. ఆలీకి అదే ఎత్తు, అంతకన్నా వేగం. ఇక ఆలీని పడగొట్టింది ఎడమ హుక్. 1963లో హెన్రీ కూపర్‌ది, 1971లో పదిహేనో రౌండులో జో ఫ్రేజియర్‌ది. టైసన్‌కీ ఆ హుక్ ఉంది. తగులుతుంది, ఆలీ పడతాడు, లేస్తాడు. రెండుసార్లూ లేచాడుగా. తొమ్మిదీ పదీ రౌండ్లలో ఆలీ ముగిస్తాడు. అయితే ఇది 1966 ఆలీ. క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడు రౌండ్లలో ముగించిన ఆలీ. 1975లో మనీలాలో ఫ్రేజియర్‌తో ఆడిన నాటి ఆలీ అయితే నాకు భయమే.

టైసన్‌కీ 1973 నాటి జార్జ్ ఫోర్‌మన్‌కీ పెడితే మటుకు చర్చే లేదు. పొట్టిగా, వంగి మీదికొచ్చే ఫ్రేజియర్‌ని ఫోర్‌మన్ కింగ్‌స్టన్‌లో రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. టైసన్ వచ్చేదీ ఆ దారినే. ఎదురుగా రోకటి పోట్లు.

కరెంటు వచ్చేసరికి ఒంటిగంటైంది. ఆ తర్వాత మాట్లాడుకోవడానికి తీరిక లేదు. కుర్రాడి అడ్మిట్ కార్డు ప్రింటు తీసిచ్చాను. డబ్బులిచ్చి, లూయిస్‌కీ లారీ హోమ్స్‌కీ పెడితే ఎవరని అడిగి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. హోమ్స్ పేరు అంత చిన్నవాడికి తెలియడమే నాకు సంతోషం. జనం ఆయన్ని ఆలీ తర్వాత వచ్చినవాడు అని తీసిపారేస్తారు. ఓటమి లేకుండా 48 దాకా వచ్చాడు. ఆ ఎడమ జాబ్‌కి సాటి నేను చూడలేదు.

సాయంత్రం కొట్టు కట్టేదాకా అదే ఆలోచన. లూయిస్ జాబ్ వేసి ఎడమచెయ్యి కిందికి జార్చేవాడు, ష్మెలింగ్ ఆ సందులోంచే కుడిచెయ్యి పంపించాడు. హోమ్స్ ఆ సందు కనిపెట్టకుండా ఉండడు. కానీ హోమ్స్‌ని 1979లో షేవర్స్ కుడిచెయ్యి నేలకి కొట్టింది, 1981లో స్నైప్స్ కుడిచెయ్యీ కొట్టింది. రెండుసార్లూ లేచి గెలిచాడు, నిజమే. కానీ లూయిస్ ఒకసారి తూలినవాణ్ణి వదిలిపెట్టడు. కాబట్టి పన్నెండు రౌండ్లకి హోమ్స్, పాయింట్ల మీద. పదిహేనుకి లూయిస్, పదమూడులో గానీ పద్నాలుగులో గానీ.

రాత్రి ఫోన్ చేసి మావయ్యకి ఇదే చెప్పాను.

"1978లో నార్టన్ మీద హోమ్స్ బెల్టు గెలిచింది పదిహేనో రౌండులోనే కదరా. పద్నాలుగు దాకా సమానం. ముగ్గురు జడ్జీల దగ్గరా ఒక్క పాయింటే తేడా. అలాంటివాణ్ణి పట్టుకుని ఆఖర్లో ఆగలేడంటావా?"

"నార్టన్‌కి లూయిస్ కుడిచెయ్యి లేదు కదా మావయ్యా" అన్నాను.