515 పులులు

మామయ్యగారి మాట చెవిలో నుంచి పోవడం లేదు కనుక, ఇల్లు సద్దుమణిగిన తరువాత ఇది రాస్తున్నాను. రాత్రి భోజనాల దగ్గర చిన్నది బడిలో చెప్పిన పనికోసం మన దేశంలోని పులుల లెక్కలు రాసుకుంటూ ఉంటే, ఆయన ఆ కాగితం అందుకుని, "2023 ఏప్రిల్‌లో 3,167 అన్నారు, జులైలో 3,682 అన్నారు. మూడు నెలల్లో ఈ 515 పులులు ఎక్కడి నుంచి వచ్చాయమ్మా? ఇలాంటి పద్దు మా దగ్గరికి వస్తే సంతకం పెట్టేవాళ్ళం కాదు" అన్నారు. ఆడిట్‌లో తల నెరిసిన మనిషి, ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకుంది. అయితే అక్కడితో ఆగకుండా, అడవిలో కెమెరాలు కట్టామని చెప్పి ఈ లెక్కలన్నీ గదిలో కూర్చుని రాసేవేనని పిల్లకు చెప్పారు. నాకు ముద్ద దిగలేదు.

ఏప్రిల్‌లో చెప్పినది కనీస సంఖ్య. జులైలో పూర్తి విశ్లేషణ తరువాత చెప్పిన 3,682 సగటు అంచనా, దాని పై హద్దు 3,925. పత్రికల శీర్షికల్లో ఒక్క అంకె మాత్రమే మిగిలి, కనీసమూ సగటూ అనే మాటలు రాలిపోతే, ఆ తప్పు అడవిలో తిరిగినవాళ్ళది ఎలా అవుతుంది?

గదిలో రాసే లెక్కట! అడవిని రెండేసి చదరపు కిలోమీటర్ల గళ్ళుగా విడదీసి, ఒక్కొక్క గడిలో పులి నడిచే బాటను వెతికి, ఆ బాటకు అటూ ఇటూ మోకాలి ఎత్తున రెండు కెమెరాలను కట్టి, వారాల తరబడి వాటి బ్యాటరీలూ కార్డులూ మారుస్తూ తిరిగేవాళ్ళను ఆ మాట అనవచ్చునా? ఎదుట ఏదైనా వెచ్చని ఒళ్ళు కదిలితే కెమెరా దానంతట అదే ఫోటో తీస్తుంది. పులి కుడి పక్క చారలు ఎడమ పక్క చారల వంటివి కావు, ఒక పులి చారలు మరొక పులికి ఉండవు, అందుకే రెండు కెమెరాలు కావాలి. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు వచ్చాయి, వాటిలో పులులవి 76,651. తక్కినవన్నీ దుప్పులు, కణుజులు, పశువులు, మనుషులు, ఇంకా ఎన్నో. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఆ పనిలో ఎన్ని కళ్ళు అలసిపోయి ఉంటాయో ఆయనకు చెప్పబోతే, మజ్జిగ అడిగి మాట మార్చేశారు.

అప్పుడు ఆయనకు తెలిసిన స్టేడియంతోనే చెప్పాను. ఒక ఉదయం బృందావన్ గార్డెన్స్ స్టేడియంలో నడిచేవాళ్ళ ముఖాలు రాసుకుని, కొన్ని రోజుల తరువాత మళ్ళీ చూస్తే, వారిలో ఎందరు తిరిగి కనిపించారన్న దాన్ని బట్టి మొత్తం ఎందరు వస్తూ ఉంటారో అంచనా కట్టవచ్చు. మళ్ళీ మళ్ళీ పాత ముఖాలే కనిపిస్తే మనం చూడనివాళ్ళు తక్కువని, ఎప్పుడూ కొత్త ముఖాలే వస్తూ ఉంటే చూడనివాళ్ళు చాలామంది ఉన్నారని అర్థం. చిన్నది వెంటనే పట్టుకుని, "అయితే కనిపించని పులులను కూడా లెక్కపెట్టవచ్చన్నమాట" అంది. ఈ రోజుకు నాకు దక్కిన సంతోషం అదే.

ఇదంతా రాస్తూ ఉంటే మార్కాపురం గుర్తుకొస్తోంది. వేసవి సెలవుల్లో బాబాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, పక్క వాటాలో నల్లమలలో పనిచేసే ఫారెస్టు గార్డు ఒకాయన ఉండేవారు. ఆయన వరండాలో గాజు పలకలు, గీతలు గీసిన కాగితాలు, సున్నపు ముద్దల్లాంటి ప్లాస్టర్ అచ్చులు ఉండేవి. పులి వెనుక ఎడమ కాలి జాడ మీద గాజు పలక ఉంచి, అంచు వెంట గీత గీసి, దానిని కాగితం మీదికి ఎక్కించే విధానమంతా ఆయన మాకు నేల మీద కూర్చుని చూపించారు. జాడ నలుచదరంగా ఉంటే మగదని, కాస్త పొడవుగా ఉంటే ఆడదని చెప్పారు. ఒక అచ్చులో నా అరచెయ్యి పెట్టించి, "ఇది నిన్నగాక మొన్న ఈ దారిన పోయింది తల్లీ" అన్నప్పుడు నాకు కలిగిన భయమూ ఆనందమూ ఇప్పటికీ చేతిలోనే ఉన్నాయి. ఆయన మాటలో సందేహం లేదు, నాకూ లేదు.

కాని బురదలో పడిన జాడా, దుమ్ములో పడిన జాడా ఒకే పులివైనా ఒకేలా ఉండవు. గీసే చెయ్యి మారితే గీత మారుతుంది. పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె అడవిలో కెమెరాలు కట్టి, ఫోటోల నుంచి పులుల సంఖ్యను అంచనా కట్టే పద్ధతిని 1995లోనే ప్రకటించినా, దేశమంతటా జాడల లెక్కే మరి కొన్నేళ్ళు సాగింది. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులులున్నాయని రికార్డులు చెబుతూ ఉండగానే, 2005లో అక్కడ ఒక్కటి కూడా మిగలలేదని తేలింది. ఆ తరువాత 2006 గణన నుంచి దేశవ్యాప్తంగా కెమెరాలు వచ్చాయి.

ఇక్కడికి వచ్చేసరికి నా కోపం నిలవడం లేదు. సరిస్కా పద్దును మామయ్యగారిలాంటివాళ్ళు ముందే గట్టిగా నిలదీసి ఉంటే బాగుండేదనిపిస్తోంది. ఇప్పటి పద్ధతిని కూడా శాస్త్రవేత్తలే నిలదీశారు. కెమెరాలు లేని చోట్ల జాడలనూ ఆనవాళ్ళనూ బట్టి పులుల సాంద్రతను ఊహించే లెక్క ఎంతవరకు నమ్మదగినదని, 2015లో అర్జున్ గోపాలస్వామి, కారంత్ తదితరులు ఒక పరిశోధనా పత్రంలో ప్రశ్నించారు. 2018లో 2,967 అని ప్రకటించిన పులుల్లో విడివిడిగా ఫోటోకు చిక్కినవి 2,461. తక్కిన 506 అంచనా మాత్రమే. మామయ్యగారు అడగవలసినది ఈ 506 గురించి, ఆ మాట నేనే ఆయనకు చెప్పి ఉండవలసింది. అయినా పిల్ల ముందు ఆ పనినంతటినీ తీసిపారెయ్యడం న్యాయమని మాత్రం ఒప్పుకోలేను. సందేహం వేరు, తూలనాడడం వేరు.

మార్కాపురం గార్డుగారి విద్య దండుగ పోయిందని కూడా అనలేను. ఏ బాట మీద కెమెరా కట్టాలో తేల్చేది ఇప్పటికీ జాడే, దానిని చదవగలిగిన మనిషే. నల్లమలలో ఆ చదువు చెంచులకు ఎవరూ నేర్పనక్కరలేదు. రేపు మామయ్యగారికి 506 సంగతి చెప్పిన తరువాత, బాబాయికి ఫోన్ చేసి ఆ గార్డుగారు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోవాలి.