మోయెల్ వామా మూడోసారి: 43 నిమిషాలు

ఉత్తర వేల్స్‌లోని క్లూయిడియన్ కొండల్లో అన్నిటికన్నా ఎత్తైనదే అయినా మోయెల్ వామా ఎత్తు 554 మీటర్లే. ఏప్రిల్‌లో పైకి చేరడానికి 58 నిమిషాలు పట్టింది, జూన్‌లో 51, మొన్న శనివారం 43.

ఈసారి కూడా బుల్ఖ్ పెన్ బారస్ నుంచే మొదలుపెట్టాను. వెల్ష్‌లో బుల్ఖ్ అంటే మన కనుమే. సగానికి పైగా ఎత్తు కారులోనే వచ్చేస్తుంది కాబట్టి ఎక్కాల్సింది దాదాపు 200 మీటర్లు. పార్కింగ్‌కి డబ్బులు కట్టాలి, ఆగస్టు వారాంతాల్లో తొందరగా నిండిపోతుంది, తొమ్మిదిలోపు వెళ్లండి. ఇదివరకు మొదట్లోనే గబగబా నడిచి నాలుగుసార్లు ఆగేదాన్ని. ఈసారి మాట్లాడుతూ నడవగలిగేంత నిదానంగా బయల్దేరాను, చివరి ఏటవాలులో వంద అడుగులకోసారి రెండు ఊపిర్లు తీసుకున్నాను, అంతే, ఎక్కడా కూర్చోలేదు. జూన్‌లో కాటన్ సాక్సుల వల్ల మడమ మీద బొబ్బ లేచింది, ఇప్పుడు ఉన్నివి వేసుకుంటున్నాను, దిగే ముందు చీలమండ దగ్గర లేసు బిగించి కడితే వేళ్లు బూటు ముందుకు గుద్దుకోవు.

ఆగస్టులోనే రమ్మని చెప్పేది హెదర్ కోసం. మోకాలెత్తు పొద, చీపురు పుల్లల్లాంటి గట్టి కాడలు, ఒక్కో పువ్వూ జొన్నగింజంత. ఒక కొమ్మ దగ్గరికి వంగి చూస్తే లేత వంగపండు రంగులో కింద నుంచి పైదాకా వరసగా పూలు, వాటి నిండా తేనెటీగల రొద. కొండంతా అదే రంగు. మధ్యలో కొన్ని చోట్ల గోధుమరంగు ముక్కలు కనిపిస్తాయి, అక్కడ కావాలనే కోశారు. ముదిరిన హెదర్‌ని కోస్తే లేత చిగుళ్లు వస్తాయి, అవి ఇక్కడి బ్లాక్ గ్రౌస్ పక్షులకి తిండి. నేల మీదే గూడు పెట్టే పక్షులవి, దయచేసి దారి దిగి పొదల్లోకి నడవకండి.

పైన జూబిలీ టవర్ మొదలు మాత్రమే మిగిలింది. బ్రిటన్ రాజు మూడో జార్జ్ యాభై ఏళ్ల పాలన గుర్తుగా 1810లో మొదలుపెట్టారు, 1862 తుఫానుకి కూలిపోయింది. మొదటి రెండుసార్లూ ఇక్కడ నాకు కనిపించింది మబ్బే. శనివారం మాత్రం పడమటి గోడెక్కి నిలబడితే కింద క్లూయిడ్ లోయ పొలాలు, వాటి వెనక స్నోడోనియా పర్వతాలు ఈ చివర నుంచి ఆ చివరదాకా, ఒకదాని వెనక ఒకటి నీలంగా, ఎంతసేపు చూసినా కదలబుద్ధి కాలేదు. ఈశాన్యంలో డీ నది, దాని అవతల లివర్‌పూల్. గాలికి చెమట ఆరి వణుకు వచ్చేస్తుంది, చేరగానే జాకెట్ వేసుకోండి. నేను టవర్ చాటున కూర్చుని పల్లీ చిక్కి తిన్నాను, లీటరు నీళ్లు సరిపోయాయి.

దిగడానికి 35 నిమిషాలు, కర్రలు వాడాను, మోకాళ్లు నొప్పి పెట్టలేదు. కనుమకి అటువైపు వోయెల్ వెన్లి ఉంది, 511 మీటర్లు, ఇనుపయుగపు కోట కట్టలున్న కొండ, ఎక్కుడు ఇంకా నిటారు. పూలు వాడిపోకముందే రెండూ ఒకే పూటలో ఎక్కాలి, సెప్టెంబరు మొదటి శనివారం అనుకుంటున్నాను.