ఘాట్ దిగుడులో మలుపు కాడ బ్రేక్ తొక్కితే కారు అదురుడు: నా అనుభవం

మాది 2019 మోడల్ పెట్రోల్ కారు, చిన్నదే. నెల్లూరులో తిప్పినన్నాళ్ళూ బ్రేకుల్లో ఏ తేడా లేదు, హైవే మీద కావలి, ఒంగోలు పోయొచ్చేటప్పుడు ఎనభై తొంభైలో బ్రేక్ తొక్కినా స్టీరింగ్ కదిలేది కాదు. రాపూరు దాటి చిట్వేలు ఘాట్‌లోకి పోయినామంటే మాత్రం, దిగుడులో ఇరుకు మలుపు వచ్చిన కాడ బ్రేక్ మీద కాలు పెడితే పెడల్ కింద నుంచి టకటకటక అని తంతా ఉండేది, కారంతా అదిరేది, అంతకంటే భయం ఏందంటే ఆ అదిరే కాసేపు కారు ఆగాల్సినంత ఆగేది కాదు, ముందుకి జారినట్టు పోయేది. ఒక పక్క లోయ, ఎదురుగా మలుపులో లారీ ముక్కు కనపడతా ఉంటది, వెనక సీట్లో పిల్లలు. ఆ టైములో ఒక గజం జాస్తి పోయినా ఏమౌద్దో చెప్పక్కర్లేదు.

ఎవరికి చెప్పినా ఒకటే మాట, "బ్రేక్ డిస్కులు వంకరపోయుంటాయి". మేం ముందు చూపించిన షెడ్డులోనూ అదే అన్నారు, బండి నడిపి చూడలేదు, డిస్కులు విప్పి లేత్ మిషన్ మీద చదును కొట్టించి కొత్త ప్యాడ్లు వేసి, వీల్ అలైన్‌మెంట్ కూడా చేసి పంపించారు. మా ఆవిడ పుట్టిల్లు చిట్వేలు, అందుకని ఆ దారి మాకు తప్పదు. మళ్ళీ పోయినాం, మళ్ళీ అదే అదురుడు, అణువంత కూడా తగ్గలా.

అసలు సంగతి పట్టిచ్చింది మా ఆవిడే. నేను స్టీరింగ్, రోడ్డు చూసుకుంటా ఉంటే తను పక్కన కూర్చోని గమనించింది. "అన్ని మలుపుల్లో రావట్లేదు, కుడి పక్కకి తిప్పినప్పుడే వస్తా ఉంది, వచ్చినప్పుడల్లా బానెట్లో నుంచి మిక్సీ తిరిగినట్టు గుర్రుమంటా ఉంది" అనింది. ఆ తర్వాత నేను కూడా కావాలని చూశా, నిజమే, ఎడమ మలుపులో ఎంత తొక్కినా ఏమీ లేదు. ఇంకోటి కూడా తెలిసింది, స్పీడ్ ఇరవైకి లోపల ఉన్నప్పుడే వస్తా ఉంది.

ఈ రెండు ముక్కలూ పట్టుకుని ఆటోనగర్లో బ్రేకుల పని తెలిసిన ఇంకో మెకానిక్ దగ్గరికి పోయినా. అందరూ ఆయన్ని భాయ్ అంటారు. ఆయన బండి ముట్టుకోలేదు ముందు, స్టూల్ వేసి కూర్చోబెట్టి అడిగాడు. "అదురు స్టీరింగ్‌లో వస్తుందా, సీట్లో వస్తుందా, పెడల్లో వస్తుందా అన్నా?" పెడల్లో అన్నా. "స్పీడ్ పెరిగితే పెరుగుద్దా?" లేదు భాయ్, స్లోలోనే అన్నా. "అయితే డిస్క్ మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు.

ఎందుకో ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నా. డిస్క్ మందంలో తేడా ఉన్నా, హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మీద సరిగ్గా కూర్చోక పక్కలకి ఊగతా ఉన్నా, అదురుడు చక్రం తిరిగే లెక్కన వస్తుంది, హైవే స్పీడులో బాగా తెలుస్తుంది, స్పీడ్ తగ్గే కొద్దీ ఆ కొట్టుడు కూడా నిదానిస్తుంది. స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలు, సీటు ఊగితే వెనక డ్రమ్ములు అనుమానించాలంట. వెనక డ్రమ్ము కాదని తేల్చుకోడానికి ఖాళీ తిన్నని రోడ్డు మీద నిదానంగా పోతా హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెం లాగి చూశాడు, ఏమీ రాలా. బ్రేక్ ఆయిల్ ఉడికిందేమో అని నేనడిగితే, అది ఉడికితే పెడల్ మెత్తగా అయిపోయి కిందకి దిగిపోద్ది గానీ తన్నదు అన్నాడు. (డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తేమ పీల్చుకున్నాక 140కే ఉడుకుతుంది, ఘాట్లలో తిరిగేవాళ్ళు ఆయిల్ టైముకి మార్చుకోవాల్సింది అందుకే.) చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షులు కూడా రాడ్డు పెట్టి కదిపి చూశాడు, చిరగలేదు, అవి పోయినా మలుపులో బ్రేక్ వేస్తే బండి అదురుద్దంట.

మిగిలింది ఏబీఎస్, అంటే బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా ప్రెజర్ వదిలి పట్టే ఏర్పాటు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది కాబట్టి మా బండికీ ఉంది. ఏబీఎస్ పనిచేస్తే పెడల్ తన్నడం, మోటర్ గుర్రుమనడం మామూలే, కంకర మీదనో తడి రోడ్డు మీదనో గట్టిగా తొక్కితే ఎవరి కారైనా అట్టానే చేస్తుంది. ఇరవైలో, పొడి తారు రోడ్డు మీద, మామూలుగా తొక్కితే అది ఎందుకు లేవాల అనేదే ప్రశ్న. డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు కూడా వెలగలేదు ఎప్పుడూ. కారు కంప్యూటర్ని చదివే స్కానర్ పెడితే ఫాల్ట్ కోడ్ ఒక్కటి కూడా లేదు. నేనైతే డీలా పడిపోయినా, ఆయన మాత్రం "కోడ్ లేకపోతే ఏమన్నా, లైవ్‌లో చూద్దాం, ఘాట్‌కి పోదాం పదా" అన్నాడు. నిజం చెప్తున్నా, షెడ్డు వదిలి అంత దూరం కస్టమర్ బండిలో వచ్చే మెకానిక్‌ని నేను అంతకు ముందు చూళ్ళా.

పొద్దున్నే బయల్దేరి పొదలకూరు, రాపూరు మీదగా పోయినాం, ట్రాఫిక్ లేని టైము చూసుకుని. నేను నడిపినా, ఆయన పక్క సీట్లో స్కానర్ ఒళ్ళో పెట్టుకుని నాలుగు చక్రాల స్పీడూ స్క్రీన్ మీద పెట్టుకున్నాడు. తిన్నగా పోతా ఉంటే నాలుగూ ఒకటే నంబరు. మలుపులో లోపలి చక్రాలు కొంచెం తక్కువ, బయటి చక్రాలు కొంచెం జాస్తి, అది మామూలే, ఏబీఎస్‌కి ఆ లెక్క తెలుసు. కుడి మలుపు వచ్చింది, రెండో గేరులో దిగతా బ్రేక్ తొక్కినా, మూడు చక్రాలు పదిహేను దగ్గర చూపిస్తా ఉంటే ముందు ఎడమ చక్రం ఉన్నట్టుండి సున్నాకి పడి మళ్ళీ పైకి లేచింది, అదే క్షణంలో నా కాలి కింద టకటకటక. "దొరికింది" అన్నాడు భాయ్. నిజంగా చక్రం ఆగలా, ఆగిందని ఆ చక్రం స్పీడ్ చదివే సెన్సర్ అబద్ధం చెప్తా ఉంది, అది నమ్మి ఏబీఎస్ ఆ చక్రానికి బ్రేక్ ప్రెజర్ వదిలేస్తా ఉంది. కారు ముందుకి జారింది కూడా అందుకే.

ఇంకో రుజువు కోసం ఏబీఎస్ ఫ్యూజు తీసి, అంతే స్లోగా, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు అదే మలుపు దిగి చూపించాడు. లైటు వెలిగింది, పెడల్ రాయి లాగా గట్టిగా నిలబడింది, అదురు లేదు. ఇది మాత్రం తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ఎవరూ చెయ్యబాకండి, ఫ్యూజు తీస్తే నిజంగా జారినప్పుడు కాపాడేది కూడా ఉండదు. వెంటనే తిరిగి పెట్టేశాడు.

సెన్సర్ మార్చేస్తే సరిపోద్ది అనుకున్నా నేను. ఆయన ఒప్పుకోలా. కుడి మలుపులోనే ఎందుకు అన్నాడు. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీదకి పోతుంది, దిగుడు కాబట్టి ముందు చక్రాల మీదకి పోతుంది, బ్రేక్ వేస్తే ఇంకా ముందుకి, అన్నీ కలిపి ముందు ఎడమ చక్రం మీదే. నెల్లూరు రోడ్లలో ఈ మూడూ ఒకేసారి కలిసే చోటు యాడుంది? అంత బరువు పడినప్పుడు హబ్ కదలతా ఉందంటే, అది తిరగడానికి లోపల ఉండే బేరింగ్‌లో లూజు ఉన్నట్టే, హబ్ కదిలితే సెన్సర్ లెక్క తప్పుద్ది.

షెడ్డుకి వచ్చి జాకీ ఎక్కించి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే చిన్న టిక్కు మాత్రం తెలిసింది. ఆయన నా చెయ్యి తీసుకెళ్ళి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద పెట్టించి చక్రం తిప్పాడు, లోపల గరగరమని స్ప్రింగ్ గుండా చేతికి వచ్చింది, కుడి పక్క అట్టాగే పెడితే నున్నగా ఉంది. ఆ తేడా చేతికి తెలిసినాక ఇంక అనుమానం లేదు.

హబ్‌ని పట్టుకోనుండే నకిల్ ఊడదీసి ప్రెస్ మీద పాత బేరింగ్ బయటికి తీస్తే లోపల గ్రీజు తుప్పు రంగులో ఉంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు మా వీధిలో నీళ్ళు నిలబడితే కారు సగం చక్రం దాకా అందులోనే ఉండిపోయింది, ఆ నీళ్ళు సీలు దాటి పోయుంటాయని ఆయన అంచనా. మా బండిలో సెన్సర్ చదివే అయస్కాంతపు రింగు బేరింగ్ సీలులోనే ఉంటుంది, దాని మీద ఇనప పొడి అంటుకోనుంది, ఒక చోట చిట్లింది కూడా. అంటే సెన్సర్ బానే ఉంది, మారిస్తే డబ్బులు దండగయ్యేవి.

బేరింగ్ వేసేటప్పుడు ఆ రింగు ఉండే పక్క సెన్సర్ వైపే ఉండాల, చూడ్డానికి రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి, తిరగేసి వేస్తే ఆ చక్రం స్పీడే కనపడదు. ప్రెస్ చేసేటప్పుడు లోపలి రింగు మీద ఒత్తి పెట్టి బయటి రింగుని ఎక్కించకూడదు, కొత్త బేరింగే పాడవుద్ది. హబ్ నట్టు పాతది వాడకుండా కొత్తది వేసి, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాడు. మొత్తం బిల్లు, ముందు షెడ్డులో లేత్‌కీ ప్యాడ్లకీ అలైన్‌మెంట్‌కీ పెట్టినదాంట్లో సగం కూడా కాలా.

తర్వాత చిట్వేలు పోయినప్పుడు భాయ్ స్కానర్ ఇచ్చి పంపించాడు, మా ఆవిడ ఒళ్ళో పెట్టుకుని ప్రతి కుడి మలుపులో నంబర్లు పైకి చదివింది, ముందు ఎడమది ఒక్కసారి కూడా పడలా, పెడల్ తన్నలా. హైవే మీద అరవై దాటితే సన్నగా వచ్చే ఊఁ అనే మోత కూడా పోయింది, అది టైర్లదని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. కుడి పక్క బేరింగ్ కూడా అవే నీళ్ళలో ఉండింది కదా, మార్చేద్దామా అంటే, ఇప్పుడేం వద్దు, ప్రతి సర్వీసుకీ స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టి చూసుకుందాం అన్నాడు, అట్టానే చూపిస్తా ఉన్నా.